అటక మీది పాత పనిముట్లు: తూకానికి వేసే ముందు గుర్తుపట్టడం ఎలా?

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట గ్రామాల్లో పాత పెంకుటిళ్లు, పశువుల చావిళ్లు తీసేసి డాబాలు కట్టుకోవడం ఎక్కువైంది. పెద్దవాళ్లు పోయాక వాటాకు వచ్చిన చావిట్లోనో అటక మీదో తుప్పు పట్టిన ఇనుము, చెదలు తగిలిన చెక్కలు, ఏమిటో తెలియని గొట్టాలు, కొక్కేలు బయటపడతాయి. సేద్యం ట్రాక్టరుతో నేర్చుకున్న ఇప్పటి రైతుకు వాటిలో సగం పేర్లు తెలియవు. పాత ఇనుము కొనేవాడు మాత్రం సరిగ్గా ఆ రోజే వాకిట్లో ఉంటాడు.

కొన్నేళ్ల క్రితం చందర్లపాడు వైపు ఒక యువరైతుకు, సంతానం లేని మేనమామ నుంచి రెండెకరాల మెట్ట, ఒక చావిడి వచ్చాయి. చావిట్లో సామాను బేరం పెట్టి, తూకం వేసే ముందు నాకు ఫోటోలు పంపాడు. "సార్, ఇందులో పనికొచ్చేవి ఏమన్నా ఉన్నాయా?" అని అడిగాడు. పని మీద ఆ పక్కనే ఉన్నాను కనుక వెళ్లాను. అప్పటికే సగం ఆటోలోకి ఎక్కింది. మూడు ఇనుప కర్రులు ఆటోలో ఉన్నాయి, వాటి దిమ్మ గోడ పక్కన పడి ఉంది, గిన్నెలా తొలిచిన చెక్క ఒకటి వంటచెరకు కుప్ప మీద ఉంది. వేర్వేరుగా చూస్తే మూడూ చెత్తే. కలిపితే అది విత్తనం వేసే గొర్రు. దింపించాం. తర్వాతి తొలకరికి ఆ గొర్రుతోనే పెసర వేశాడు.

అలాంటి కుప్ప మీ ఇంట్లోనూ ఉంటే ఏ వరసలో చూడాలో, ఏ వస్తువును దేన్ని బట్టి గుర్తుపట్టాలో నాకు అనుభవంలో తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

చేయి పెట్టే ముందు

మొదట పనిముట్లు కాదు, ప్రమాదాలు చూడాలి. పాత చావిళ్లలో తేళ్లు, పాములు ఉంటాయని రైతుకు నేను చెప్పనక్కర్లేదు. కానీ మందుల డబ్బాల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. బీహెచ్‌సీ పొడిని మన దేశంలో 1997లో నిషేధించారు. డీడీటీని వ్యవసాయంలో వాడకుండా 1989లోనే ఆపారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. నిషేధించినంత మాత్రాన అటక మీద డబ్బా ఖాళీ కాదు. పాదరసం కలిసిన విత్తనశుద్ధి పొడులు కూడా ఒకప్పుడు మన ఊళ్లలో వాడారు. చేత్తో తిప్పే పొడిమందు యంత్రం, ఇత్తడి స్ప్రేయరు, మందు కొలిచిన చిన్న డబ్బా, విత్తనం కలిపిన పళ్లెం కనిపిస్తే లోపల విషం ఉన్నట్టే అనుకోండి. ఇత్తడి మెరుస్తోంది కదా అని తోమి ఇంట్లో వాడకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. మిగిలిన మందును కాలువలో పోయడం, కాల్చడం, పాతిపెట్టడం వద్దు. చేతి తొడుగులు వేసుకుని మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి, తాళం ఉన్న చోట ఉంచి, మండల వ్యవసాయాధికారికి చెప్పండి.

మన మెట్టలో రాయి పేల్చి తవ్విన బావులు చాలా ఉన్నాయి. అందుకే ఇంకో సంగతి. పెన్సిలంత లావు, రెండంగుళాల లోపు పొడవున్న అల్యూమినియం గొట్టాలు, ఒక చివర మూసి ఉన్నవి, పాత డబ్బాలో కనిపిస్తే అవి డిటొనేటర్లు కావచ్చు. గోకకండి, వంచకండి, అక్కడి నుంచి కదిలించకండి. పిల్లల్ని బయటకు పంపి పోలీస్ స్టేషనుకు ఫోన్ చేయండి. అటక మీద నాటు తుపాకీ దొరికినా అంతే. తాతగారి జ్ఞాపకం అని దాచుకుంటే లైసెన్సు లేని ఆయుధం దాచినట్టు అవుతుంది.

తుప్పు మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. గుర్తు లేకపోతే ఆ రోజే వేయించుకోండి.

కడగకండి, ముందు అరుగుదల చూడండి

వస్తువు దొరకగానే కిరసనాయిలు పోసి తోమడం మొదలుపెడతారు. అది చివరి పని. పనిముట్టు ఏమిటో చెప్పేది దాని ఆకారం కంటే దాని అరుగుదల. చెయ్యి పట్టిన చోట చెక్క నున్నగా, నల్లగా ఉంటుంది. తాడు కట్టిన చోట గాడి పడుతుంది. మట్టిలో నడిచిన ఇనుము మెరుగు పెట్టినట్టు అరుగుతుంది. ఎర్ర గరప నేలలో నడిస్తే దాని మీద సన్నని గీతలు పడతాయి, రేగడిలో నడిస్తే నున్నగా ఉంటుంది. గింజ జారిన గొట్టం లోపల అద్దంలా ఉంటుంది. ఇవన్నీ బ్రష్షు పెట్టి రుద్దగానే పోతాయి. కనుక కడగక ముందే మూడు వైపుల నుంచి ఫోటో తీయండి, పక్కన ఒక స్కేలు గానీ అగ్గిపెట్టె గానీ పెట్టండి.

అరుగుదల విలువ నాకు తెలిసింది నా తప్పు వల్లే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో వత్సవాయి వైపు ఒక ఇంట్లో మూరెడు వెదురు గొట్టం చూపించి "ఇదేమిటి సార్" అన్నారు. చదువుకున్నవాణ్ణి కదా, "గొర్రు గొట్టం" అని తడుముకోకుండా చెప్పేశాను. అరుగు మీద కూర్చున్న పెద్దాయన నవ్వాడు. "గొర్రు గొట్టానికి అడుగు ఉంటదా సారూ? రెండు పక్కలా బెజ్జం ఉండాల గదా. ఇది ఎద్దుకు మందు పోసే గొట్టం. చివర చూడు, పళ్ల గాట్లు" అన్నాడు. చూస్తే నిజమే. ఒక చివర కణుపు మూసి ఉంది. రెండో చివర కలం పాళీలా ఏటవాలుగా కోసి, అంచు నోట్లో గీరుకోకుండా నున్నగా చేసి ఉంది. ఆ అంచు మీద పశువు కొరికిన గాట్లు ఉన్నాయి.

పాత చావిళ్లలో ఇలాంటి వెదురు గొట్టాలు మూడు రకాలు దొరుకుతాయి. రెండు చివరలా తెరిచి, లోపల నున్నగా ఉంటే గొర్రుది. ఒక చివర మూసి, రెండో చివర ఏటవాలుగా ఉంటే మందు గొట్టం. ఒక చివర మూసి, మూతి తిన్నగా కోసి, లోపలా బయటా నల్లగా జిడ్డు పట్టి, పైన వేలాడదీసే తాడుకు బెజ్జం ఉంటే అది బండి ఇరుసుకు రాసే కందెన గొట్టం. లోపల ఈక గానీ పుల్లకు చుట్టిన గుడ్డ గానీ ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

గొర్రు: విడిపోయిన ముక్కలను కలిపి చూడాలి

ఈ ప్రాంతంలో తెలియక పోగొట్టుకునే వాటిలో గొర్రుదే మొదటి స్థానం. కారణం, అది ఎప్పుడూ ఒక్కటిగా దొరకదు. పని అయిపోగానే విప్పి, ఇనుము ఒకచోట, చెక్క ఒకచోట, గొట్టాలు చూరులో పెట్టేవాళ్లు. మనిషి పోయాక ఆ మూడు చోట్లనూ కలిపి చూసేవాళ్లు ఉండరు.

దీనిలో ముఖ్యమైనవి నాలుగు భాగాలు. అడ్డంగా ఉండే బరువైన దిమ్మ. సాధారణంగా నల్లతుమ్మ లాంటి గట్టి చెక్క, దానికి సమాన దూరంలో బెజ్జాలు. ఆ బెజ్జాల్లో దిగే పళ్లు, వాటి చివర ఇనుప కర్రులు. పంటి వెనక విత్తనం జారే గొట్టం. పైన ఆ గొట్టాలన్నీ కలిసే చెక్క గిన్నె, దాని పేరు జడ్డిగం. జడ్డిగం అడుగున ఎన్ని బెజ్జాలుంటే గొర్రు అన్ని సాళ్లది. అడుగున బెజ్జాలున్న చెక్క గిన్నె కనిపిస్తే దాన్ని పగిలిన గిన్నె అనుకోకండి. పగిలితే బెజ్జాలు అంత వరుసలో ఉండవు.

దిమ్మ దొరికితే టేపు పెట్టి పంటికీ పంటికీ మధ్య దూరం కొలవండి. ఆ పొలంలో మీ పెద్దవాళ్లు ఏ పంట వేసేవాళ్లో దాన్ని బట్టి ఊహించవచ్చు. వాళ్లు జాన, మూర లెక్కన చేయించుకునేవాళ్లు. జాన అంటే సుమారు తొమ్మిది అంగుళాలు, మూర అంటే పద్దెనిమిది. మూర దూరం ఉంటే అది మనం ఇప్పుడు జొన్నకు చెప్పే 45 సెంటీమీటర్ల సాలు. అడుగు దూరం ఉంటే పెసర, మినుముకు చెప్పే 30 సెంటీమీటర్లు. మేము పుస్తకాల్లో చదివి వచ్చి చెప్పిన దూరాలు ఈ దిమ్మల మీద ముందే చెక్కి ఉండటం చూసి నేను ఒకటి రెండు సార్లు నోరు మూసుకోవలసి వచ్చింది. గొర్రు వెనక తాడుతో కట్టి ఈడ్చే విడి గొట్టం కూడా ఒకటి ఉంటుంది. పైన చిన్న గిన్నె, కింద మొన ఉంటాయి. నాలుగైదు సాళ్లకొకటి కంది వంటి వేరే విత్తనం వేయడానికి మనిషి దాన్ని చేత్తో పట్టుకుని నడిచేవాడు.

గొర్రు మన వైపు ఎంత పాతదో చెప్పడానికి ఒక సాక్ష్యం ఉంది. హాల్‌కాట్ అనే ఇంగ్లీషు సైనికాధికారి, వరుసల్లో విత్తనం వేసే పరికరం ఐరోపావాళ్లు కొత్తగా కనిపెట్టిందే అనుకునేవాడు. దక్షిణాదిన పొలాల్లో గొర్రు నడుస్తుంటే చూసి ఆశ్చర్యపోయి 1795లో దాని గురించి రాశాడు. ధరంపాల్ 1971లో వెలువరించిన పద్దెనిమిదో శతాబ్దపు భారతీయ శాస్త్ర సాంకేతిక విషయాల సంకలనంలో ఆ లేఖ ఉంది. ఇంగ్లండులో జెత్రో టల్ విత్తన యంత్రం 1700 ప్రాంతంలో వచ్చింది. మన రైతు దాన్ని చూసి నేర్చుకోలేదు.

గొర్రు భాగాలన్నీ దొరికితే పని చేస్తుందో లేదో వాకిట్లోనే తేల్చుకోవచ్చు. జడ్డిగంలో సాలీడు గూళ్లు, మట్టి పుల్లతో తీసేయండి. ప్రతి గొట్టం కింద ఒక చిన్న గుడ్డ సంచి కట్టండి. మందు కలపని పొడి పెసలు గుప్పెడు గుప్పెడు చొప్పున, పొలంలో పోసినట్టే, జడ్డిగంలో పోయండి. తర్వాత సంచులు తూచండి. ఒక సంచిలో బాగా తక్కువ పడితే ఆ గొట్టం వంగి ఉండాలి, లేదా ఆ బెజ్జం దగ్గర చెక్క ఉబ్బి ఉండాలి. చిన్న ఆకురాయితో సరిచేయవచ్చు. దిమ్మకు చెదలు ఎంత పట్టిందో గునపం మొనతో తట్టి చూడండి. బోలు చప్పుడు వస్తే అదే కొలతలతో కొత్త దిమ్మ చేయించి పాత కర్రులు వేయించుకోవడం మంచిది. కొలత కోసమైనా పాత దిమ్మను పొయ్యిలో పెట్టకండి. శుద్ధి చేసిన విత్తనం పోసేటప్పుడు ఉత్త చేత్తో పోయకండి, తొడుగు వేసుకోండి. పాతకాలంలో విత్తనానికి మందు లేదు కనుక వాళ్లకు ఆ బాధ లేదు.

గుంటక, దంతి, కాడి

గుంటకను గుర్తుపట్టడం సులువు. బరువైన దుంగ, దానికి రెండు కాళ్లు, ఆ కాళ్ల మధ్య అడ్డంగా ఇనుప బద్ద. బద్ద పొడవుగా ఉంటే దుక్కి చదును చేయడానికి, విత్తనం కప్పడానికి వాడింది. చిన్నగా ఉంటే పైరు వరుసల మధ్య కలుపు కోయడానికి వాడింది. ఈ చిన్నదాన్నే చాలా ఊళ్లలో దంతి అంటారు. బద్ద మధ్యలో బాగా అరిగి అర్ధచంద్రంలా లోపలికి పోయి ఉంటే అది బాగా పనిచేసిన గుంటక. దాని మీద ఇంకా అంగుళం ఇనుము మిగిలి ఉంటే కమ్మరి దగ్గర సాగగొట్టించి వాడుకోవచ్చు. పత్తి, మిర్చి చేలల్లో అంతరకృషికి ఇప్పటికీ మన దగ్గర ఎడ్ల గుంటకలు నడుస్తున్నాయి కనుక ఇది కొనేవాళ్లు ఉన్న వస్తువు. ఊళ్లో ఎడ్లున్న రైతును అడగండి, పాత ఇనుము ధర కంటే మంచి ధరే పెడతాడు.

కాడి రెండు మూడు దొరికితే అవన్నీ ఒకటే అనుకోకండి. పొడవు కొలవండి. దుక్కి కాడి పొట్టిగా ఉంటుంది. పైరులో గుంటక తోలే కాడి పొడవుగా ఉంటుంది, ఎందుకంటే ఎడ్లు పైరు తొక్కకుండా వేరువేరు సాళ్లలో నడవాలి. నాగలి సంగతి చెప్పనక్కర్లేదు, మేడి, నొగ, కర్రు అందరికీ తెలిసినవే. ఏరువాక పౌర్ణమి నాడు ఇప్పటికీ పసుపు రాస్తున్నారు కదా.

చేతి పనిముట్లలో పోలికలు

పిడి ఊడిపోయిన ఇనుము దొరికితే ముందు పిడి దూర్చే బెజ్జం చూడండి. గుండ్రని లేదా కోలగా ఉన్న బెజ్జం పార, గొడ్డలి, బాడిశ లాంటి వాటిది. బెజ్జం లేకుండా సన్నని తోక ఉంటే ఆ తోక చెక్కలో దిగుతుంది. కొడవలి, బొరిగె, ఉలి ఈ జాతివి. తర్వాత అంచు ఏ దిశలో ఉందో చూడండి. అంచు పిడికి సమాంతరంగా ఉంటే గొడ్డలి, అడ్డంగా ఉంటే బాడిశ. బాడిశ అంచుకు లోపలి వైపు మాత్రమే పదును ఉంటుంది. ఇది వడ్రంగిది, కానీ తన నాగలికి తానే చీలలు చెక్కుకునే రైతు ఇంట్లోనూ ఉండేది. చిన్న పార అనుకుని దానితో మట్టి తవ్వితే ఆ పదును ఒక్క రోజులో పోతుంది.

కొడవళ్లలో పళ్లున్నది, పళ్లు లేనిది వేరు. పళ్లున్నది కక్కు కొడవలి, వరి, జొన్న కోతకు. వేలి గోటిని అంచు మీద మెల్లగా లాగి చూడండి, పట్టుకుంటే కక్కు మిగిలి ఉన్నట్టే. పళ్లు లేకుండా మందంగా, ముక్కు వంగి ఉన్నది కంప కొట్టేది. బొరిగె కూర్చుని కలుపు తీసే చిన్న పనిముట్టు. దోకుడుపార గడ్డిని నేల మట్టంలో గీకేది, అంచు వెడల్పుగా ఉంటుంది. ఈ రెండింటినీ గుర్తుపట్టడంలో నేను మగవాళ్ల మాట నమ్మను. కలుపు తీసింది ఆడవాళ్లు. అరిగిన బొరిగె చూపిస్తే ఒక ముసలామె అది ఏ చెయ్యి వాటం మనిషిదో కూడా చెప్పింది. అంచు ఒక మూలే ఎక్కువ అరిగి ఉంది. మా వ్యవసాయ కళాశాలలో ఈ పాఠం లేదు.

పల్చగా, వెడల్పుగా, మంగలి కత్తి అంత పదునున్న వంపు కత్తి దొరికితే అది సేద్యానిది కాకపోవచ్చు, తాటిచెట్టు గీసే కత్తి. అష్టకోణంగా, మొద్దుగా ఉండి తల పుట్టగొడుగులా విచ్చుకున్న ఇనుప ముక్క బావి తవ్వకంలో, బండలు కొట్టడంలో వాడిన ఉలి. ఆ విచ్చుకున్న తల మీద సుత్తితో కొట్టకండి, పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది. రెండు వెడల్పు ఆకులు వెనక ఒకే కమ్మీతో కలిసి స్ప్రింగులా ఉంటే గొర్రెల బొచ్చు కత్తెర. రెండు అంగుళాల చంద్రవంక ఇనుప బిళ్లలు, బెజ్జాలతో ఉంటే ఎద్దు లాడాలు. పొడవాటి కడ్డీ చివర గుండ్రంగానో అడ్డగీతలానో ఉండి, నిప్పులో కాలినట్టు నల్లబడి ఉంటే పశువులకు వాతలు పెట్టిన కడ్డీ. దాన్ని గుర్తుపట్టి పక్కన పెట్టండి, వాడకండి. కుంటుతున్న పశువుకు వాత వైద్యం కాదు, పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

నూతి సామాను

కరెంటు మోటార్లు రాకముందు మెట్టలో నీళ్లు తోడింది మోటతో. కపిల అని కూడా అంటారు. ఎడ్లు వాలులో దిగుతూ తాడు లాగితే బాన పైకి వచ్చేది. బాన అడుగున తోలు తొండం ఉండేది, అది గట్టు మీదికి రాగానే దానంతట అదే నీళ్లు వదిలేది. తోలు ఎప్పుడో పోయి ఉంటుంది. మీకు దొరికేది ఇనుప కడియం, బాన, పెద్ద చెక్క గిలక. గిలక అంచున లోతైన తాడు గాడి ఉంటుంది. దాన్ని బండి చక్రపు ముక్క అని అమ్మేసినవాళ్లను చూశాను.

అందరినీ తికమకపెట్టేది ఇంకొకటి. ఒక ఇనుప కడియానికి చుట్టూ వేలాడే వంపు కొక్కేలు, నాలుగైదు నుంచి డజను దాకా, పైన తాడు కట్టే రింగు. మాంసం వేలాడదీసేదని, చేపల గాలమని, ఒకచోట దొంగల సామాను అని కూడా విన్నాను. అది నూతిలో పడ్డ బొక్కెనను, చేదను పైకి తీసేది. పాతాళ గరిగె అంటారు, పాతాళభేరి అనే వాళ్లూ ఉన్నారు. ఊరికి ఒకటో రెండో ఇళ్లలోనే ఉండేది, అవసరమైనవాళ్లు అడిగి తీసుకెళ్లేవాళ్లు. మీ ఇంట్లో అది దొరికిందంటే మీ ఇంటికి ఊరంతా వచ్చేవారన్నమాట. ఇంట్లో చేదబావి ఉంటే ఇప్పటికీ పనికొస్తుంది, కొత్త తాడు కట్టుకోండి.

కొలతలు, తూకాలు

చెక్కవి, ఇత్తడివి, ఇనుపవి కొలపాత్రలు ఒకదానిలో ఒకటి పట్టేలా దొరకవచ్చు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఏ పాత్ర ఏదో తేల్చుకోవాలంటే చిన్నదానితో పెద్దదాన్ని నింపి లెక్కపెట్టండి, సరిపోతుంది. లీటర్లలో ఎంత అని నన్ను అడగవద్దు. కుంచం ఊరికీ ఊరికీ తేడా ఉండేది. ఒకే ఊళ్లో ఇచ్చే కుంచం వేరు, పుచ్చుకునే కుంచం వేరు అని దెప్పిన ఆసాములూ ఉన్నారు.

తూకం రాళ్లు మాత్రం తేలిగ్గా తెలుస్తాయి. ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టండి. సుమారు 1,400 గ్రాములు వస్తే అది వీశ. 700 వస్తే అరవీశ, 350 వస్తే పదలం, 175 వస్తే ఏబలం. తుప్పు వల్ల కొంత తక్కువ రావచ్చు. ఎనిమిది వీశలు మణుగు, అంటే సుమారు 11 కిలోల 200 గ్రాములు. మెట్రిక్ తూకాల చట్టం 1956లో వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్లకు ఇవి అంగట్లో చెల్లకుండా పోయాయి. కనుక మీ వీశరాయి అంతకు ముందుది అయ్యుంటుంది. దానితో ఇప్పుడు సరుకు తూచి అమ్మకూడదు.

పేరు ఎవరిని అడగాలి

ఇక్కడ నేను రాసిన పేర్లు మీ ఊళ్లో వేరుగా ఉండవచ్చు. ఏటికి ఈ వైపు ఒక మాట, ఆ వైపు ఒక మాట. జగ్గయ్యపేట వాళ్ల మాటలో ఖమ్మం, నల్లగొండ వైపు పలుకు కలుస్తుంది, నందిగామ దాటితే బెజవాడ వైపు పలుకు. ఈ తేడాలను లెక్కకు తెచ్చిన పుస్తకం మన భాషలో ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో వెలువరించింది. జిల్లాజిల్లాలో రైతులను అడిగి సేకరించిన మాటలు అవి. పెద్ద గ్రంథాలయంలో దొరికితే ఒక పూట కూర్చుని చూడండి, మీ తాత నోటి మాట అచ్చులో కనిపిస్తుంది.

పుస్తకం కంటే ముందు మనుషులు. ఇనుముకు కమ్మరి, చెక్కకు వడ్రంగి, కలుపు పనిముట్లకు పెద్ద వయసు ఆడవాళ్లు, తాటికత్తికి గీత కార్మికులు, కత్తెరకు గొర్రెల కాపరులు. ఒకప్పుడు కల్లంలో మేర కొలిచి ఇచ్చిన కుటుంబాలలో కొలిమి వదిలేసి వెల్డింగు షాపు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్ల నాన్నలను అడగండి. "ఇది ఏమిటి?" అని అడిగితే పేరు చెప్పి ఊరుకుంటారు. "దీన్ని ఎలా పట్టుకుంటారు?" అని చేతికి ఇవ్వండి. చెయ్యి మరిచిపోదు. పట్టుకోగానే పని చేసి చూపిస్తారు, ఫోనులో వీడియో తీసుకోండి. ఎనభై దాటినవాళ్లను వచ్చే సంక్రాంతికి అడుగుదాం అని వాయిదా వేయకండి. నేను వేశాను. నేను నవ్వులపాలైన ఆ గొట్టం ఇంటి పెద్దాయనను గొర్రు కట్టడం చూపించమని మళ్లీ ఎప్పుడూ అడగలేకపోయాను.

అక్కడా తేలకపోతే ఫోటోలు తీసుకుని జగ్గయ్యపేట మండలం గరికపాడులోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ మీ ఊరి రైతు సేవా కేంద్రానికి గానీ వెళ్లండి. నేల తవ్వుతుంటే దొరికిన రాగి రేకులు, చెక్కిన రాళ్లు, నున్నటి రాతి గొడ్డళ్లు అయితే ఈ లెక్కలోకి రావు. అవి రెవెన్యూ వాళ్లకూ పురావస్తు శాఖకూ చెప్పవలసినవి. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం ఉన్న ఊరు, మన నేలలో ఏదైనా ఉండవచ్చు.

వాడుకునేందుకు సిద్ధం చేయడం

గుర్తుపట్టాక ఇప్పుడు తోమండి. ఇనుమును ఒక రాత్రి కిరసనాయిల్లో నానబెట్టి తీగల బ్రష్షుతో రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాయండి. చెక్కను నీళ్లతో కడగకండి. దుమ్ము దులిపి, నీడన ఆరబెట్టి, వేపనూనె గానీ అవిసెనూనె గానీ పట్టించండి. రంగు వేయకండి, రంగు కింద పగులు కనిపించదు. పగిలిన పిడి పనిలో విరిగితే ఇనుము ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. గొడ్డలి బెజ్జంలో విరిగి ఇరుక్కున్న పిడి ముక్క రాకపోతే నిప్పుల్లో వేస్తారు. చెక్క కాలిపోతుంది, దానితో పాటు అంచు పదును కూడా పోతుంది. పాత గొడ్డలికి, బాడిశకు ఒళ్లంతా మెత్తని ఇనుము, అంచుకు మాత్రం కమ్మరి వేసిన ఉక్కు ఉంటుంది. ఎర్రగా కాలి తనంతట చల్లారితే ఆ ఉక్కు మెత్తబడుతుంది, తర్వాత ఎంత సాన పట్టినా నిలవదు. ముక్కను డ్రిల్లుతో తొలిచి కొట్టి తీయండి. అంచుకు ఉక్కు మిగిలి ఉందో లేదో ఆకురాయితో చూసుకోవచ్చు. గొడ్డలి నడుము మీద ఒకసారి, అంచు మీద ఒకసారి గీయండి. నడుము మీద ఆకురాయి పట్టుకుంటుంది, అంచు మీద జారిపోతే ఉక్కు ఉన్నట్టు. రెండు చోట్లా ఒకేలా పట్టుకుంటే ఉక్కు అరిగిపోయింది, మళ్లీ వేయించాలి.

అమ్మే వాటిని వేరుచేసేటప్పుడు ఇత్తడి, రాగి, ఇనుము విడివిడిగా పెట్టి, మీ కాటా మీద మీరే ముందు తూచుకోండి. ఒకే కుప్పగా ఇస్తే ఇనుము ధరే కడతారు. అన్నదమ్ముల వాటా తేలని సామానైతే అందరికీ ఫోటోలు పంపి, ఎవరు ఏది ఉంచుకుంటారో అడిగాకే బేరం పెట్టండి. చందర్లపాడు యువరైతు ఆ రోజు చివరికి అమ్మింది ఒక గోనెడు విరిగిన మేకులు, కుళ్లిన బండి పట్టాలు, అడుగు ఊడిన రెండు బొక్కెనలు. వాటికి పాత ఇనుము ధర న్యాయంగానే వచ్చింది.